సామాన్ల గది తలుపు

మనుమరాలి చేయి పట్టుకుని తీసుకెళ్లి విఠల్ సారు చేతిలో పెట్టింది ముత్యమ్మే. ఆ తర్వాత ఎన్నిసార్లు తలచుకున్నా, ఎటు తిప్పి చూసినా, ఆ ఒక్క సంగతి మాత్రం మారలేదు.

తొంభై ఆరో సంవత్సరం. వానలు అప్పుడే మొదలయ్యాయి. పటాన్‌చెరు నుంచి భానూర్ వెళ్లే దారిలో పైపుల ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. దాని వెనుక ఆటస్థలం. ఊరి హైస్కూలుకు సొంత గ్రౌండు లేదు కాబట్టి ఆడపిల్లల ఖోఖో జట్టు సాయంత్రాలు అక్కడే ఆడేది. ఆట నేర్పడానికి విఠల్ సారును పెట్టింది కూడా ఫ్యాక్టరీ వాళ్లే. ఆయన వచ్చిన ఏడాదికే పిల్లలు సంగారెడ్డిలో జిల్లా కప్పు గెలుచుకొచ్చారు. ట్రాక్టరు మీద ఊరేగించారు. అప్పటి నుంచి ఊళ్లో ఏ ఇంటి ముందు ఆగినా సారుకు కుర్చీ, చాయ్ సిద్ధం.

ఆ వైపు ఊళ్లలో పిల్లను ఒకరి దగ్గర చదువుకో పనికో చేర్చేటప్పుడు ఊరికే పంపరు. ఇంటి పెద్ద టెంకాయ, కొత్త తువ్వాల పట్టుకుని వెళ్లి, పిల్ల కుడిచేయి తీసి ఆ గురువు చేతిలో పెట్టి అప్పజెప్పాలి. నలుగురి ముందు అనవలసిన మాట కూడా ఒకటుంది. ముత్యమ్మ ఆ మాట అంది.

"ఇగ ఇది నీ బిడ్డ సారూ. కొట్టినా తిట్టినా మేం అడుగం."

తర్వాత సుమిత్ర వైపు తిరిగి, "సారు చెప్పినట్టు ఇను. జవాబియ్యకు" అంది. సుమిత్రకు అప్పటికి పదమూడేళ్లు. కుందేలుపిల్లలా ఉండేది. పరిగెత్తుతుంటే జడ వెనకాల నేలకు సమంగా లేచేది. నాయినమ్మ మాటకు తల ఊపి, చెప్పులు విడిచి, గ్రౌండులోకి పరిగెత్తింది.

ముత్యమ్మ కొడుకు యాదగిరి జిన్నారం దగ్గర రసాయనాల ఫ్యాక్టరీలో షిఫ్టు పనివాడు. కోడలు అరుణ మందుల కంపెనీలో ప్యాకింగుకు వెళ్లేది. పిల్లకు తల దువ్వడం నుంచి సద్ది కట్టడం దాకా అంతా ముత్యమ్మదే. పిల్ల పుస్తకాలు కూడా ముత్యమ్మ చదివేది. బడి మొహం చూడని మనిషి. కిరాణా కొట్టు పొట్లాల కాగితాలు చేత్తో సాపు చేసుకుంటూ, కొడుకును అడుగుతూ, నలభై దాటాక అక్షరాలు కూడబలుక్కుంది. రాసి ఉన్నది ఏది కనిపించినా చివరిదాకా చదవందే వదిలేది కాదు. మనుషుల మొహాలు కూడా అలాగే చదవగలనని అనుకునేది.

దసరా వెళ్లిన వారానికి సారు తనంతట తానే ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చుని చాయ్ తాగాడు.

"అవ్వా, పిల్ల మోకాలు జెర కమ్‌జోర్ ఉన్నది. గిట్లనే ఆడితే రెండేండ్లకు కాలు పోతది."

ముత్యమ్మకు అసలే భయమెక్కువ. ఎవరైనా గంట ఆలస్యంగా వస్తే చాలు, ఇక రారేమోనని గుమ్మంలో నిలబడే మనిషి.

"దవాఖానకు తోల్కపోవాల్నా సారూ?"

"ఎందుకు, రోజు నూనె పెట్టి మాలీష్ చేస్తే సరి. ఇంట్ల మీకు నరాలు తెల్వయి గద. ఆట అయినంక నేనే చేస్త."

ఎంత మంచివాడు అనుకుంది ముత్యమ్మ. ఆ సాయంత్రమే నువ్వుల నూనెలో కర్పూరం వేసి వేడి చేసి చల్లార్చింది. కోడలు తెచ్చిన గోధుమరంగు మందుసీసా ఒకటి కడిగి, అందులో పోసి, బిరడా బిగించి పిల్ల సంచిలో పెట్టింది. పది రోజులకోసారి సీసా ఖాళీగా తిరిగి వచ్చేది. నింపి పంపేది.

కార్తీకంలో సుమిత్ర ఆటకు వెళ్లనని మొదలుపెట్టింది.

"మోకాలు నొస్తున్నదా?"

"మోకాలు మంచిగనే ఉన్నది."

"మంచిగుంటె పోవేందే? పదిమంది పిల్లలు పోతలేరా?"

సుమిత్ర చాప అంచు పుల్లలు ఒక్కొక్కటే పీకుతూ కూర్చుంది. ఇది బద్ధకమని ముత్యమ్మ తేల్చేసింది. చేయి పట్టుకుని గ్రౌండు దాకా నడిపించి, సారును పక్కకు పిలిచి, పిల్ల తరఫున తానే తప్పు ఒప్పుకుంది.

"చిన్నపిల్ల సారూ, మనసుల పెట్టుకోకు."

సారు నవ్వాడు. "పెద్దదానివి, నువ్వొచ్చినవు గద అవ్వా. చాలు."

అది రెండోసారి అప్పజెప్పడం అయింది.

మరో నాలుగు రోజులకు సుమిత్ర నూనె సీసా ఇంట్లోనే వదిలేసి వెళ్లింది. గూట్లో నిండుగా కనిపించింది. మరచిపోయిందనుకుని ముత్యమ్మ సీసా చేతబట్టుకుని బయలుదేరింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ గౌస్ ఆమెను చూసి సలాం చేసి, ముందున్న పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. ఎవరు లోపలికి వచ్చినా బయటికి పోయినా టైము వేసి రాసుకోవడం అతని పని.

ఆట మంచి జోరు మీద ఉంది. ఎనిమిది మంది పిల్లలు వరసగా గొంతుకు కూర్చున్నారు, ఒకరు ఇటు తిరిగి, ఒకరు అటు తిరిగి. తరిమే పిల్ల వెనక నుంచి వచ్చి, కూర్చున్న పిల్ల వీపు మీద అరచేత్తో తట్టి 'ఖో' అంటుంది. తట్టించుకున్న పిల్ల బాణంలా లేవాలి. సుమిత్ర లేచినంత వేగంగా ఆ జట్టులో ఎవరూ లేవరని పేరు.

ఖుద్సియా అనే పిల్ల వెనక నుంచి వచ్చి సుమిత్ర వీపు తట్టింది.

సుమిత్ర లేవలేదు. కాలినదానిలా ముందుకు పడి, రెండు చేతులూ వెనక్కి పెట్టి వీపు కప్పుకుంది.

మిగతా పిల్లలు నవ్వారు. "ఏందే, తేలు కుట్టిందా?" అని ఒకరు అరిచారు. ఖుద్సియా నవ్వలేదు. కిందపడిన సుమిత్ర పక్కన నిలబడి, గ్రౌండు మూలనున్న సామాన్ల గది వైపు చూసింది. లేస్తూ సుమిత్ర కూడా అటే చూసింది. ఒక్క క్షణమే. ముత్యమ్మ కూడా చూసింది. తాళ్లు, బంతులు, స్తంభాలు దాచే చిన్న రేకుల గది. ఇనుప తలుపు. తలుపుకు లోపలి వైపు గడియ.

ముత్యమ్మ సీసా ఇవ్వలేదు. కొంగుకు కట్టుకుని, సుమిత్రను వెంటబెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

ఆ సాయంత్రం చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ, సుమిత్రను పక్కన కూర్చోబెట్టుకుంది. ఏమైందని అడగలేదు. అడిగితే ఏమీ లేదంటుందని తెలుసు.

"మోకాలు నొస్తలేదంటివి. నొప్పి లేని కాలుకు నూనె ఎందుకు బిడ్డా?"

సుమిత్ర కూడా చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పెట్టింది.

"నువ్వే ఇచ్చినవు గద."

ముత్యమ్మ వేళ్లు ఆగిపోయాయి.

"గదిల పెట్టి తలుపేస్తడు" అంది సుమిత్ర. ఆ తర్వాత ఇంకో రెండు మాటలు చెప్పింది, చేటలోని బియ్యానికి చెప్పినట్టు. మూడో మాట సగంలోనే ఆపేసింది. కాసేపటికి, "జవాబియ్యొద్దంటివి గద నాయినమ్మా" అంది.

ముత్యమ్మ చేట పక్కకు జరిపింది. పిల్లను దగ్గరికి లాక్కోబోయి, మళ్లీ ఆగి, ముందుగా చేయి చాచింది. సుమిత్ర తనంతట తానే వచ్చి ఒళ్లో తల పెట్టుకునేదాకా ఆ చేయి అలాగే ఉంచింది.

"నేను నీకు తప్పు చెప్పిన బిడ్డా. నీ తప్పు ఇంతంత లేదు. నాదే ఉన్నది, ఆనిది ఉన్నది."

యాదగిరి షిఫ్టు నుంచి వచ్చాక అంతా విన్నాడు. గొడ్డలి కోసం లేచాడు. అరుణ కాళ్లకు అడ్డం పడింది. వేడి దిగాక అందరు తండ్రులూ ఆలోచించినట్టే ఆలోచించాడు.

"రేపు పొద్దుగాల దీన్ని జహీరాబాద్‌ల దీని మామింటికి పంపుత. ఆడనే చదువుకుంటది. ఈ ఆట వద్దు, ఈ ముచ్చట ఎవ్వలకు తెల్వద్దు."

సుమిత్ర తలుపు మూల నుంచి అడిగింది.

"నేనేం చేసిన నాయినా?"

ఈ మాట ముత్యమ్మ ముందొకసారి విన్నది. ఇలాగే, ఈ గొంతుతోనే.

ఆమెకు పదహారేళ్లప్పుడు చెల్లెలు కౌసల్యకు పదమూడు. ధాన్యం కొట్టు గుమాస్తా ఒకడు ఉండేవాడు. పెద్దలకు విషయం తెలిసిన మూడో రోజున కౌసల్యను నాందేడ్ బస్సు ఎక్కించారు, దూరపు చుట్టాల ఇంటికి. ముత్యమ్మ బస్సు పక్కన నడిచింది. కౌసల్య కిటికీ ఊచ పట్టుకుని, "అక్కా, నేనేం చేసిన?" అంది. జవాబు దొరికేలోగా బస్సు కదిలింది. ఊచ మీద నాలుగు వేళ్లు, ఒక ఆకుపచ్చ గాజు. అంతే. మళ్లీ కౌసల్యను ఎవరూ చూడలేదు. మొదట్లో ఒకటి రెండు కబుర్లు వచ్చాయి, తర్వాత అవీ లేవు. ఆ గుమాస్తా మాత్రం ముప్పై ఏళ్లు ఊళ్లోనే ఉన్నాడు. పెళ్లిళ్లలో ముందు బంతిలో కూర్చుని తిన్నాడు. ముత్యమ్మ పెళ్లిలోనూ తిన్నాడు.

"పంపుడైతే ఆన్ని పంపుదం" అంది ముత్యమ్మ. "పిల్లను పంప."

"నీకు సమజైతలేదు అవ్వా. ఊరంత ఆ సారు దిక్కే ఉన్నది. ఏం రుజువున్నది మన కాడ?"

రుజువు అనే మాట దగ్గర ముత్యమ్మ ఆలోచన గేటు దగ్గరికి పోయింది. సలాం చేసి ఏదో రాసుకున్న గౌస్ కలం గుర్తుకొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం గేటు దగ్గరికి వెళ్లింది. గౌస్ యాభై దాటిన మనిషి. ఆయనకు ఉర్దూ తప్ప వేరే రాత రాదు. అందుకే ఆయన దగ్గరుండేది కచ్చా పుస్తకం. ఉర్దూ తెలిసిన ఆఫీసు గుమాస్తా దాన్ని చూసి ఇంగ్లీషులో పక్కా రిజిస్టరులోకి ఎక్కించేవాడు. పక్కా దాంట్లో 'ఖోఖో పిల్లలు, లోపలికి నాలుగున్నర, బయటికి ఆరు' అని ఒక్క వరసే ఉండేది. కచ్చా పుస్తకంలో ఎవరు ఎప్పుడు పోయారో విడివిడిగా ఉంటుంది.

"గౌస్ భాయ్, పిల్లలంత ఒక్కపారే పోతరా, ఎనక ముందా?"

గౌస్ ఆమె మొహం చూశాడు. కొంగుకు కట్టిన సీసా చూశాడు. అడగకుండానే ఆయనకు విషయం అర్థమైనట్టుంది, లేదా చాలా రోజులుగా అర్థమయ్యే ఉంది.

"నా పని రాసుడు అవ్వా. అడుగుడు కాదు."

"అడగొద్దన్నది నేను గూడ చెప్పిన, మా పిల్లకు."

గౌస్ తల దించుకున్నాడు. ఆయనకు ముగ్గురు కూతుళ్లు. పుస్తకం మూసి, మళ్లీ తెరిచి, "నేను సదివి చెప్తే నౌకరి పోతది" అన్నాడు. కొంచెం ఆగి, "రేపు గిదే టైముకు చాయ్‌కు పోత. పుస్తకం ఈ స్టూలు మీదనే ఉంటది" అన్నాడు.

కనిపించిన ప్రతి అక్షరం చదివే ముత్యమ్మకు ఆ రాత మాత్రం రాదు. కుడి నుంచి ఎడమకు పోయే ఆ గీతలు ఆమెకు చీమల బారు. అందుకని మర్నాడు ముందుగా ఆలంబీ ఇంటికి వెళ్లింది. ఆలంబీ పక్క వాడలో బట్టలు కుట్టేది, సాయంత్రాలు పిల్లలకు ఉర్దూ చెప్పేది. ఖుద్సియా తల్లి ఆమే. ముత్యమ్మ సుమిత్ర సంగతి చెప్పి, ఖుద్సియా ఊసు ఎత్తలేదు. ఆ పిల్ల చూపు ఎటు పోయిందో మరవలేదు, కానీ ఒక చూపును పట్టుకుని ఒక తల్లితో ఏమని చెబుతుంది?

ఆలంబీ మిషను ఆపి విన్నది. "తోబా. వస్త అక్కా. సదువుడే గద. గంతకు నా కండ్లు అరిగిపోవు" అని బుర్ఖా అందుకుంది. దారిలో ధైర్యం కూడా చెప్పింది. "నువ్వు పరేషాన్ కాకు. మా ఖుద్సియా గూడ ఆడ్నే ఆడుతది, దాన్ని గూడ అడుగుత."

గౌస్ వాళ్లను చూడనట్టే లేచి చాయ్ బండి వైపు నడిచాడు. ఆలంబీ స్టూలు పక్కన నిలబడి, వేలు పెట్టి చదవసాగింది.

"ఇది సోమవారంది. ఖోఖో పిల్లలు, ఆరుకు పోయిండ్రు. పదకొండు మంది. ఇగో... ఆరు నలభైకి సుమిత్ర. ఎనక విఠల్ సారు." పేజీ తిప్పింది. "బుధవారం. ఆరు, పదకొండు మంది. ఆరు నలభై ఐదుకు సుమిత్ర, విఠల్ సారు." ఇంకో పేజీ. "శనివారం. ఆరు, పదకొండు మంది. ఆరున్నరకు..."

ఆలంబీ వేలు ఆగింది.

వేలు మళ్లీ కదిలింది, కింది వరసకు, పై వరసకు, వెనక పేజీకి. ఈసారి ఆలంబీ పైకి చదవడం లేదు. పెదవులు మాత్రం ఆడుతున్నాయి. చివరికి ముసుగు కొంచెం సవరించుకుని, చాలా మెల్లగా అంది.

"ఖుద్సియా. నాలుగు చోట్ల ఉన్నది అక్కా. నాలుగు."

ముత్యమ్మ ఆమె చేయి పట్టుకుంది. ఇద్దరూ గేటు గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డారు. లారీలు పోతున్నాయి. దుమ్ము వాళ్ల మీద పడుతోంది.

హెడ్‌మిస్ట్రెస్ కమలాకుమారి చెడ్డ మనిషి కాదు. ఇద్దరూ బడికి వెళ్లి చెప్పింది విని, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఇది బయటికి పోతే రేపు ఒక్క ఆడపిల్లను కూడా ఆటకు పంపరు. బడికి కూడా పంపరేమో. పిల్లల పేర్లు నలుగురి నోళ్లలో పడతాయి" అంది.

"పిల్లల పేర్లు రాయకు తల్లీ. మా పేర్లు రాయి. ఫిర్యాదు మాది" అంది ముత్యమ్మ.

"నేను ఫ్యాక్టరీ ఆఫీసరుతో మాట్లాడతాను. నెలాఖరుకు సారును పంపించేస్తారు. సరేనా?"

"ఏడికి పంపుతరు?"

కమలాకుమారి కళ్లద్దాలు అందుకుని కొంగుతో తుడవసాగింది.

"ఇంకో గ్రౌండుకే గద టీచరమ్మా. ఆడ గూడ పిల్లలే ఉంటరు. ఆడ గూడ నా అసొంటి ముసల్ది ఒకతి నూనె కాగబెడుతది."

టీచరు కళ్లద్దాలు పెట్టుకుని తెల్లకాగితం తీసింది. మధ్యలో రెండుసార్లు కలం ఆపింది. చివర ముత్యమ్మ, ఆలంబీ సంతకాలు చేశారు. ముత్యమ్మ సంతకానికి చాలా సేపు పట్టింది. వేలిముద్ర వేయమంటే వేయనంది.

మర్నాడు ఆఫీసరు గదిలో అందరూ కూర్చున్నారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆఫీసరు. విఠల్ సారును పిలిపించాడు. సారు వచ్చి, నమస్కారం పెట్టి, కాగితం చదువుకుని, కోపం కూడా తెచ్చుకోలేదు. అదే నవ్వు నవ్వాడు.

"అవ్వా, నేనేమన్న నీ ఇంటికొచ్చి పిల్లను గుంజుకొచ్చిన్నా? నలుగురి ముందట చేతిల పెట్టినవు. కొట్టినా తిట్టినా అడుగమంటివి. మాలీష్ సంగతి నీకు చెప్పే చేసిన. నూనె గూడ నువ్వే పంపితివి. అవునా కాదా?"

గదిలో అందరి చూపూ ముత్యమ్మ మీదికి తిరిగింది. రాత్రంతా ఆమె భయపడింది సరిగ్గా ఈ మాటకే. ఇది అడిగితే నేల చీలి అందులోకి పోతే బాగుండుననుకుంది. ఇప్పుడు అడిగేశాడు. నేల చీలలేదు.

కొంగు ముడి విప్పి, సీసా తీసి, బల్ల మీద పెట్టింది. నూనె మెడ దాకా నిండుగా ఉంది.

"అవును సారూ. పెట్టిన. అన్న. పంపిన. గిది నా తప్పు. పిల్ల పోనంటే కాళ్లు మొక్కినంత పని చేసి మళ్ల తోల్కొచ్చి ఇడిసిపెట్టిన, గది గూడ నాదే. ఇవన్ని రాయిండ్రి. రాసినంక, తలుపేసింది ఎవ్వలో గది రాయిండ్రి."

సారు నవ్వు కొద్దిగా పక్కకు ఒరిగింది. "రుజువేంది?" అన్నాడు ఆఫీసరుతో. "ఇద్దరు ఆడోళ్లు వచ్చి చెప్తే అయితదా?"

గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. గౌస్. టోపీ చంకలో, పుస్తకం చేతిలో. ఆయనను ఎవరూ పిలవలేదు.

"సాబ్, కచ్చా పుస్తకం తెచ్చిన. నా రాత మీకు రాదు. నేనే సదువుత."

నిలబడే చదివాడు. తేదీ, టైము, పేరు స్థానంలో 'ఒక పిల్ల', వెనక విఠల్ సారు. మళ్లీ తేదీ, టైము, ఒక పిల్ల, విఠల్ సారు. పావుగంట చదివాడు. దసరా తర్వాతి పేజీలు ఇంకా మెల్లగా చదివాడు. మధ్యలో సారు ఒకసారి లేవబోయాడు. "కూర్చోండి" అన్నాడు ఆఫీసరు. మొత్తం అయ్యాక గౌస్ పుస్తకం మూసి, "ఇన్ని దినాలు రాసిన సాబ్. చెప్పలే. నాకు నౌకరి ఉంచుతరో తీస్తరో మీ మర్జీ" అన్నాడు.

గౌస్ నౌకరి తీయలేదు. ఆ సాయంత్రమే ఆఫీసరు జీపులో ఫిర్యాదు పోలీసు స్టేషనుకు వెళ్లింది. ఇంకో నకలు సంగారెడ్డిలో ఆటల పోటీలు జరిపించే వాళ్లకు వెళ్లింది, వేరే ఏ గ్రౌండులోనూ విఠల్ సారును పెట్టకుండా. ఒక ఆడ కానిస్టేబుల్ మామూలు చీరలో కమలాకుమారి ఇంటికి వచ్చి, తల్లులను పక్కన కూర్చోబెట్టి, పిల్లలతో మాట్లాడింది. ముత్యమ్మకూ ఆలంబీకీ ఇద్దరి సంగతే తెలుసు కానీ, అలాంటి వాళ్లు నలుగురున్నారని ఆ రోజు తేలింది. కేసు చాలా ఏళ్లు నడిచింది. ముత్యమ్మ ప్రతి వాయిదాకూ బస్సెక్కి సంగారెడ్డి వెళ్లేది, ఆమెతో పనున్నా లేకపోయినా.

ఊరు ఊరుకోలేదు. కప్పు తెచ్చిన సారును పంపేసిందని కొందరు ముత్యమ్మ ముందే అన్నారు. ఒక పిల్లను తండ్రి ఆట మాన్పించాడు, ఆ తర్వాత బడి కూడా. ముత్యమ్మ రెండుసార్లు వెళ్లి బతిమాలింది. వినలేదు. ఆ పిల్ల ఇంటి ముందు నుంచి పోయినప్పుడల్లా ముత్యమ్మ ఆగి గుమ్మంలోకి తొంగిచూసేది.

ఆఫీసరు ఆమెను పిలిచి, ఇంకేమైనా కావాలా అని అడిగాడు.

"ఆ గదికి తలుపు తీసెయ్యిండ్రి."

"తాళం మారుస్తామమ్మా. తాళంచెవి గేటు దగ్గర పెట్టిస్తాం."

"తాళం కాదు సారూ. తలుపు."

"సామాన్లు పోతాయి కదమ్మా."

"పోతె తాళ్లు, బంతులు పోతయి."

ఆఫీసరు వెల్డరును పంపాడు. మడతబందులు కోసి ఇనుప తలుపును దించి గోడకు ఆనించారు. నేర్పే సారు లేకున్నా పిల్లలు ఆట మానలేదు. ఆ రోజు నుంచి ఆటకు ముందు ముత్యమ్మ చింతపండు బుట్ట పట్టుకుని వెళ్లి, ఆ గది గుమ్మానికి ఎదురుగా కూర్చుని గింజలు తీసేది. రెండో వారం ఆలంబీ కుట్టుపని తెచ్చుకుని పక్కన కూర్చుంది. తర్వాత ఇంకో ఇద్దరు తల్లులు వచ్చారు. ఆడవాళ్లు నలుగురు చేరాక మాటలకేం కొదవ. పిల్లలే విసుక్కునేవాళ్లు, "జెర ఊకోండ్రే, ఖో ఇనొస్తలేదు" అని.

సుమిత్ర మాత్రం రాలేదు. బడికి పోయేది, వచ్చేది. జహీరాబాద్ మాట యాదగిరి మళ్లీ ఎత్తలేదు. కానీ పిల్ల ఊళ్లోనే ఉండి ఎక్కడికో పోయినట్టే ఉండేది. ముత్యమ్మ రమ్మనలేదు. గ్రౌండుకు బయలుదేరేటప్పుడు, "పోతున్న" అని మాత్రం చెప్పేది. సుమిత్ర "ఊఁ" అనేది.

సంక్రాంతి సెలవుల తర్వాత సంగారెడ్డి నుంచి కొత్త మేడం వచ్చింది. సన్నగా, ఎండకు కమిలిన మొహంతో, విజిల్ మెడలో వేసుకుని. ఆ రోజు ముత్యమ్మ "పోతున్న" అనగానే సుమిత్ర లేచి చెప్పులు తొడుక్కుంది. గేటు దగ్గర గౌస్ సుమిత్ర పేరు రాసుకుని, కలం ఎత్తి, టైము చూసి, అది కూడా రాసుకున్నాడు.

మేడం ఎదురొచ్చింది. ఊరి పద్ధతి ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు. అప్పజెప్పించుకోవడానికి నవ్వుతూ చేయి చాచింది.

ముత్యమ్మ సుమిత్ర చేయి వదలలేదు.

"మేడం, తప్పనుకోకు. అప్పజెప్ప. పిల్ల నాదే. నీ కాడ ఆట నేర్చుకుంటది, ఆట అయినంక నా కాడికొస్తది. నువ్వు ఏదన్న చెయ్యమంటే ఎందుకని అడుగుతది. అడిగితే చెప్పాలె."

మేడం చేయి దించుకుంది. కొంచెం తడబడి, "సరే అవ్వా. చెప్తా" అంది. తర్వాత సుమిత్రతో, "ఆడతావా ఇవాళ? లేకపోతే కూర్చుని చూస్తావా?" అని అడిగింది.

సుమిత్ర నాయినమ్మ వైపు చూసింది. ముత్యమ్మ ఏమీ అనలేదు. తల కూడా ఊపలేదు. సుమిత్ర తన చేయి తానే మెల్లగా విడిపించుకుని, చెప్పులు విడిచి, వెళ్లి వరసలో కూర్చుంది.

ముత్యమ్మ బుట్ట ముందు పెట్టుకుని కూర్చుంది కానీ ఒక్క గింజ కూడా తీయలేదు. ఖుద్సియా తరుముతూ వస్తోంది. ఆ పిల్ల సుమిత్ర వెనకకు చేరి, తట్టబోయే ముందు, ఆట నియమంలో లేని పని చేసింది. "సుమిత్రా, నేనే" అంది. అని వీపు తట్టింది.

సుమిత్ర భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. తర్వాత లేచింది. ఆలస్యంగానే లేచింది. లేచి పరిగెత్తింది.